టేకు బుడ్డలు, పత్తి డొప్పలు, వెదురు నక్షత్రం

ఇల్లెందు నుంచి కొత్తగూడెం పోయే దారిలో మా టేకులపల్లి వస్తుంది. ఇక్కడ నాది జాకెట్లు కుట్టే కొట్టు. కొట్టంటే పెద్దదేం కాదు. ఇంటి ముందు రేకుల పంచ, ఒక మిషను, గోడకు నిలువుటద్దం. ఆదివారం మిషను మీద గుడ్డ కప్పి, చర్చిలో సండే స్కూల్ పిల్లల్ని చూసుకుంటాను. నవంబరు చివరికి ఈ రెండు పనులూ కలిసిపోతాయి. ఒకపక్క పండుగ జాకెట్ల తొందర. ఇంకోపక్క ‘టీచరమ్మా, ఈసారి ఏం చేద్దాం’ అంటూ గుమ్మంలో నిలబడే పిల్లలు. వాళ్లలో మూడో నాలుగో తరగతి చదివేవాళ్లుంటారు, అంగన్‌వాడీకి పోయేవాళ్లుంటారు, అక్క చంకనెక్కి వచ్చేవాళ్లూ ఉంటారు. చర్చికి వచ్చే ఇళ్ల పిల్లలే కానక్కరలేదు. పక్క తండా పిల్లలు, కోయ గూడెం పిల్లలు, బడి స్నేహం కొద్దీ వచ్చే ఎవరైనా సరే. రంగు కాగితం కనపడితే పండుగ ఎవరిదని పిల్లలు అడగరు.

క్రిస్మస్ అలంకారం అనగానే ఇప్పుడు కొనేవే గుర్తొస్తాయి. డిసెంబరు పడగానే కొత్తగూడెం బజారులో మెరిసే బంతులు, ప్లాస్టిక్ చెట్లు, రంగులు మార్చే స్టార్లు వేలాడుతుంటాయి. వాటి మీద నాకేం కోపం లేదు. కాకపోతే వాటితో పిల్లలకు పని ఉండదు. చూడాలి, ముట్టుకుంటే తిట్లు తినాలి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు చేతికి పని దొరికితే అదే పండుగ. ఆ పని ఎట్లా ఇవ్వాలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

కొలత తీసుకోకుండా నేను గుడ్డ మీద కత్తెర పెట్టను. పిల్లలతో పనికీ అదే పద్ధతి, ముందు చేతి కొలత చూడాలి. రెండున్నర, మూడేళ్ల పిల్లకు కాగితం చింపడం వచ్చు. జిగురు పూయడం, అరచేత్తో నొక్కడం వచ్చు. పిండి ఉండ చేయడం మహా ఇష్టం. కత్తెర ఇస్తే మాత్రం రెండు చేతులతో పట్టుకుని ఎటూ కదపలేదు. మూడు దాటాక ఒక్కో వేటు వేయగలదు, కాగితం అంచు కుచ్చులు కుచ్చులుగా తెగుతుంది. నాలుగేళ్లకు గీసిన నిలువు గీత వెంట కత్తిరిస్తుంది. ఐదారేళ్లొచ్చాక గానీ గుండ్రాలూ మూలలూ తిరగవు. అందరూ ఒక్కలా ఉండరు, కొందరు ముందు, కొందరు వెనక. కాని మూడేళ్ల పిల్ల ముందు నక్షత్రం గీసిపెట్టి ‘కత్తిరించు’ అంటే ఆ పిల్ల ఏడుస్తుంది, మనం విసుక్కుంటాం, చివరికి మనమే కత్తిరించి ‘మా పాప చేసింది’ అని ఫోన్లో ఫొటో పెడతాం. ఫోను వీడియోల్లో కనిపించే పిల్లల చేతిపనుల్లో సగం ఇట్లాంటివేనని నా అనుమానం. అంచులు చూస్తే తెలిసిపోతుంది. అది పదేళ్లు మిషను తొక్కిన చెయ్యి చేసిన అంచు.

మొదటి పని ఏరుకురావడం. దీనికి వయసుతో పని లేదు, ఖర్చూ లేదు.

డిసెంబరు నాటికి రోడ్డు పక్క టేకు చెట్ల కింద కాయలు రాలి ఉంటాయి. టేకు కలప గురించి తెలియనివాళ్లు మా ప్రాంతంలో లేరు గాని, టేకు కాయను దగ్గరగా చూసినవాళ్లు తక్కువే. పిల్లలు కూడా కాలికింద ‘టప్’మనిపించడానికే తప్ప చేతిలోకి తీసుకోరు. ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుని చూడమంటాను. ఎండుగడ్డి రంగులో పల్చటి బుడ్డ, లోపల గాలి నింపినట్టు ఉబ్బి ఉంటుంది. ఎండకు ఎత్తి పట్టుకుంటే దాని నరాల అల్లిక అంతా కనిపిస్తుంది. బుడ్డను మెల్లగా చించితే నడుమ గోధుమరంగు నూగు పట్టిన గట్టి కాయ. దాన్ని పగలగొట్టాలంటే సుత్తి కావాలి. లోపల నాలుగు అరలుంటాయి, ఒక్కో అరలో ఒక్కో గింజకు చోటు. పువ్వు అడుగున ఉండే రక్షక పత్రాలే కాయతో పాటు పెరిగి, ఉబ్బి, దాని చుట్టూ ఇట్లా సంచి కడతాయి. ఇదంతా చెప్పాక పిల్లలు వాటిని తొక్కడం మానారని కాదు. తొక్కేముందు నాలుగు ఏరి జేబులో వేసుకుంటున్నారు.

ఈ బుడ్డలకు రంగు వేయాలంటే కుంచె పనికిరాదు, నొక్కితే పగులుతాయి. బియ్యప్పిండిని ముగ్గుకు కలిపినట్టు జారుగా కలిపి, అందులో చెంచాడు జిగురు వేస్తాను. కాడ పట్టుకుని పిండిలో ముంచి తీయడం పిల్లల పని. తీగ మీద ఆరవేయడం నా పని. తెల్లారేసరికి తెల్లగా, కొంచెం గరుకుగా తయారవుతాయి. ఐదారు కాడలు కలిపి దారంతో కడితే గుత్తి. తెలుపు వద్దనుకుంటే పిండి నీళ్లలో చిటికెడు పసుపు. మా పిల్లలకు పసుపువే ఎక్కువ నచ్చాయి, నాకు ఏ రంగూ లేనివి.

రెండోది పత్తి డొప్ప. మా చుట్టూ పత్తి చేలు. దూది తీసేశాక మోడు మీద మిగిలే ఎండు డొప్పను ఎవరూ లెక్కచేయరు. నాలుగు రెక్కలో ఐదు రెక్కలో విచ్చుకుని అది పుట్టుకతోనే నక్షత్రం. కాడ దగ్గర తుంచితే చాలు. దానికి రెండు జాగ్రత్తలున్నాయి. పత్తికి మందులు బాగానే కొడతారు కాబట్టి తెచ్చిన డొప్పలను సబ్బునీళ్లలో నానబెట్టి, కడిగి, ఎండబెట్టాకే పిల్లల చేతికివ్వాలి. ఆ నానబెట్టే పని పెద్దలదే. రెక్కల మొనలు గుచ్చుకుంటాయి, గోళ్లు తీసే కట్టరుతో వాటిని చిదిమేయాలి. తర్వాత రెక్కల మీద జిగురు రాసి, నా డబ్బాలోంచి ఒక పాత గుండీని నడిమధ్య అతికించమంటాను. గుండీ ఎంచుకోవడానికి పట్టేంత సేపు అతికించడానికి పట్టదు. జత పోయిన గుండీలను ఏళ్ల తరబడి ఎందుకు దాచానా అనుకునేదాన్ని. ఇప్పుడు కొత్త గుండీ ఇచ్చినా పిల్లలు తీసుకోరు, ఆ పాత డబ్బాలోవే కావాలంటారు. మూడేళ్ల లోపు పిల్లలు కూర్చున్న చోట మాత్రం డబ్బా తెరవను. గుండీ ముందు నోట్లోకే పోతుంది.

అడవి అంచున ఉన్నాం కాబట్టి ఏరకూడనివి కూడా చెప్పాలి. ఎరుపు నలుపుల గురిగింజ చూడముచ్చటగా ఉంటుంది, దండ కట్టాలనిపిస్తుంది. అందులో అబ్రిన్ అనే విషం ఉంటుంది. గట్టి పెంకు ఉన్నంతసేపు అది లోపలే ఉంటుంది గాని, దండకోసం రంధ్రం పెట్టినా, పిల్ల నమిలినా ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో పిల్లలుంటే గురిగింజ లేకపోవడమే మంచిది. నల్లజీడి కాయ రసం తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. చాకళ్లు బట్టల మీద గుర్తు పెట్టేది దాంతోనే. ఇక దూలగొండి. ముఖమల్ లాంటి నూగుతో కంచెల మీద వేలాడే ఆ కాయను ముట్టుకున్నవాడు ఆ రోజంతా గోక్కుంటాడు, పక్కన కూర్చున్నవాడినీ గోకిస్తాడు. ఏరడానికి పోయేముందు ఈ మూడింటినీ దూరం నుంచే చూపించి పేర్లు చెప్పిస్తాను. అడవి లోపలికి పోవడం ఉండదు. రోడ్డు పక్క, చేను గట్టు, బడి వెనక. మాకు కావలసినవన్నీ అక్కడే దొరుకుతాయి.

ఇప్పుడు పెద్ద పని, వెదురు నక్షత్రం. మా చిన్నప్పుడు క్రైస్తవుల ఇల్లు ఎక్కడుందో అడగాల్సిన పనుండేది కాదు. డిసెంబరులో ఇంటి ముందు నిట్రాడు కర్రకు కాగితం నక్షత్రం, అందులో బల్బు. దాన్ని ఎట్లా కడతారో చాలామంది మర్చిపోయారు.

మేదరివాళ్ల దగ్గర సన్నగా చీల్చిన బద్దలు తెచ్చుకోవాలి. పొడవు అన్నిటికీ ఒకటే ఉండాలి. మూరెడు అయితే పిల్లలకు అందుబాటులో ఉంటుంది. ఐదు బద్దలతో చేయి ఎత్తకుండా నక్షత్రం గీస్తాం చూడండి, ఆ గీతల్లాగే వాటిని ఒకదానిమీద ఒకటి వేసి, ఐదు మొనల దగ్గరా దారంతో బిగించాలి. ఇట్లాంటివి రెండు కావాలి. రెండింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి, ఐదు మొనలనూ కలిపి కట్టేయాలి. ఇంతవరకూ అది బల్లపరుపుగానే ఉంటుంది. లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే చోట్లు ఐదుంటాయి. అక్కడ రెండు నక్షత్రాల నడుమ జానెడులో సగం పుల్లలు నిలువుగా దూర్చి కట్టాలి. ఒక్కో పుల్ల దూరుస్తుంటే నక్షత్రం పొట్ట ఉబ్బుతూ వస్తుంది. పిల్లలు కళ్లప్పగించి చూసేది ఇక్కడే. అప్పటిదాకా పుల్లల కట్ట, అప్పటినుంచి నక్షత్రం. బద్దల చీలికలు గుచ్చుకుంటాయి కాబట్టి కట్టడం అంతా పెద్దలే చేయాలి. ముందుగా గరుకు కాగితంతో రుద్దితే ఇంకా మంచిది.

కాగితం అంటించడం పూర్తిగా పిల్లలది. సంక్రాంతి ముందు కాబట్టి పతంగుల కాగితం ఆ రోజుల్లో ప్రతి కిరాణా కొట్టులోనూ దొరుకుతుంది. జిగురు కొననక్కరలేదు. గ్లాసు నీళ్లలో రెండు చెంచాల మైదా ఉండలు లేకుండా కలిపి, సన్నటి సెగ మీద తిప్పుతుంటే చిక్కబడి మెరుస్తుంది. దించి చిటికెడు పటిక పొడి వేస్తే త్వరగా పాడవదు. గోడల మీద పోస్టర్లు అంటించేవాళ్లు పురుగు పట్టకుండా మైలుతుత్తం వేస్తారు. అది విషం, పిల్లల పనిలో దానికి చోటు లేదు. నాలుగేళ్ల పిల్ల బద్దకు జిగురు పూస్తుంది, ఆరేళ్లవాడు కాగితం పరుస్తాడు, చిన్నది చేత్తో నిమురుతుంది. ముడతలు పడతాయి. పడనివ్వాలి. దీపం వెలిగాక ముడత దగ్గర వెలుతురు విరిగి బాగుంటుంది. మొత్తం నున్నగా అంటించిన నక్షత్రం చూస్తే నాకు దుకాణమే గుర్తొస్తుంది.

మా ఏజెన్సీ అంచున డిసెంబరు పొగమంచు ఎక్కువ. రాత్రి బయట వేలాడిన కాగితం తెల్లారేసరికి తడిసి జారిపోతుంది. అందుకని ఆరిన కాగితం మీద తెల్ల కొవ్వొత్తిని పడుకోబెట్టి రుద్దుతాం. మైనం పూత మీద నీళ్లు నిలవవు. ఇది మూడేళ్ల పిల్లలు కూడా చేయగల పని, కాస్త మెల్లగా రుద్దమని చెప్పాలంతే. బల్బు ఎల్ఈడీదే పెట్టాలి. పాత రోజుల్లో పెట్టిన వేడి బల్బులు కాగితాన్ని మాడ్చేవి. ఇంకో సంగతి, ఇది మా ఊరికే సంబంధించినది. కోయగూడెం గని నుంచి బొగ్గు లారీలు తిరిగే దారి కాబట్టి తెల్ల కాగితం నాలుగు రోజులకే మసిబారుతుంది. మా పిల్లలకు ఎరుపు, ముదురు నీలం కాగితాలే ఇస్తాను.

ఇదే నక్షత్రం ఫిలిప్పీన్స్‌లోనూ ఉందని తెలిసినప్పుడు ఆశ్చర్యపోయాను. వాళ్లు పరోల్ అంటారు. వెదురు బద్దలు, పల్చటి రంగు కాగితం, ఐదు మొనలు, లోపల దీపం. కట్టే పద్ధతి కూడా ఇదే. అక్కడ సాన్ ఫెర్నాండో పట్టణంలో దీన్ని ఇంటికన్నా ఎత్తుగా కట్టి, వేల బల్బులు పెట్టి పోటీలు జరుపుతారు. జర్మనీలో ఇంకో రకం ఉంది. మొరేవియన్ అనే క్రైస్తవ సంఘం వాళ్ల బడిలో 19వ శతాబ్దం మొదటి సగంలో లెక్కల పాఠం కోసం పిల్లలతో కాగితపు నక్షత్రాలు చేయించేవారట. ఎన్నో మొనలుండే ఆ నక్షత్రం తర్వాత హెర్న్‌హుట్ నక్షత్రంగా లోకమంతా తిరిగింది. ఆ బడిలో దూరదేశాలకు పోయిన మిషనరీల పిల్లలు ఉండేవారు. అమ్మానాన్నలకు దూరంగా హాస్టల్లో ఉండే పిల్లల చేతిపని అన్నమాట. అంత దూరం ఎందుకు, మాకు దగ్గర్లోని డోర్నకల్‌లో 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన కెథడ్రల్ పేరు ఎపిఫనీ. నక్షత్రాన్ని చూసి తూర్పు జ్ఞానులు బయల్దేరి వచ్చిన పండుగ అది. దాన్ని కట్టించిన బిషప్ అజరయ్య, 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. గుమ్మటాలు, మినార్లు, మన గుడుల్లోలాంటి స్తంభాలు ఒకేచోట కనిపించే కట్టడం. ఈ దేశంలో ఉన్నదాంతోనే ఆరాధన సాగాలనుకున్న మనిషి ఆయన. పిల్లల్ని అక్కడికి తీసుకుపోయినప్పుడు వాళ్లు పైకి చూసి ‘టీచరమ్మా, ఇది మసీదా, గుడా, చర్చా’ అన్నారు. మూడూ అన్నాను.

అసలు క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసినవి మొదట్లో కొన్నవి కావు. 1605లో స్ట్రాస్‌బర్గ్‌లో ఇళ్లలో చెట్టు నిలబెట్టి కాగితపు గులాబీలు, ఆపిళ్లు, పల్చటి రొట్టె బిళ్లలు కట్టేవారని రాసి ఉంది. గాజు బంతులు ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా గడిచాక జర్మనీలోని లౌషా అనే ఊళ్లో గాజు ఊదేవాళ్లు మొదలెట్టారు. కాబట్టి మా అటుకుల డబ్బా అట్టతో చేసిన గులాబీ తక్కువదేం కాదు.

పిండి పని సంగతికి వస్తాను. రెండు గ్లాసుల మైదా, గ్లాసు మెత్తటి ఉప్పు, సుమారు గ్లాసు నీళ్లు. నీళ్లు ఒక్కసారే పోయకూడదు, చపాతి పిండికన్నా కాస్త గట్టిగా ఉండాలి. అర సెంటీమీటరు మందాన ఒత్తి, స్టీలు గ్లాసు అంచుతోనో గాజుతోనో బిళ్లలు కోస్తే సరి. తడిగా ఉన్నప్పుడే పెన్ను రీఫిల్ వెనక భాగంతో పైన చిల్లు పెట్టాలి, ఆరాక పెడితే పగులుతుంది. ఓవెన్ ఎవరింట్లో ఉంది? డిసెంబరు ఎండ చాలు. మొదటి రోజు నీడన, తర్వాత మూడు నాలుగు రోజులు ఎండలో, మధ్యమధ్య తిరగేస్తూ ఆరబెట్టాలి. నేరుగా ఎండలో పెడితే అంచులు లేస్తాయి. బిళ్ల మీద పిల్లలు బొటనవేలు నొక్కుతారు, టేకు ఆకు ఈనెలు అచ్చు వేస్తారు, నా దారపు రీలును నిలబెట్టి గుండ్రాలు గుద్దుతారు. తినేవాళ్లూ ఉంటారు. ఒకసారి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు చేదుకు తామే ఉమ్మేస్తారు గాని, అంత ఉప్పు కడుపులోకి పోతే పసిపిల్లలకు ప్రమాదం, కుక్కలకూ ప్రమాదమే. రెండేళ్ల వాళ్లకు నేను ఉప్పులేని ఉత్త చపాతి పిండి ఇస్తాను. అది సాయంత్రానికి ఎండి చిట్లినా వాళ్లకేం పట్టదు.

ఒక తల్లి పండుగ జాకెట్టు కొలతకొచ్చి, కొడుకు చేసిన బిళ్ల చూసింది. నక్షత్రం అనుకుని మొదలుపెట్టినది చివరికి కప్ప ఆకారంలో తేలింది. ‘అక్కా, కొంచెం సరిచేసియ్యరాదూ, చర్చిలో అందరూ చూస్తారు’ అంది. ‘వంకర నీకు కనపడ్డది, వానికి కనపడలే. ఉండనియ్యి’ అన్నాను. ఆమెకు ఆ మాట నచ్చలేదు. పోతూ పోతూ బిళ్లను వెనక్కి తిప్పి పెట్టింది. పిల్లాడొచ్చి మళ్లీ ముందుకు తిప్పాడు.

రంగుల్లో పిల్లలకు అన్నిటికన్నా నచ్చేది పసుపు. తెల్ల కాగితాన్నో, లైనింగు గుడ్డ ముక్కనో చిక్కటి పసుపు నీళ్లలో ముంచి ఆరబెడతాం. అగ్గిపుల్లకు దూది చుట్టి సబ్బునీళ్లలో ముంచి దాని మీద గీస్తే, గీసినచోట ఎర్రగా వస్తుంది. చూసినవాళ్లెవరైనా ‘అరె’ అంటారు. పసుపులో ఉండే కర్కుమిన్‌కు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి గుట్టు కూడా ఇదే, పసుపు, సున్నం. సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు, అందుకే పిల్లలకు సబ్బు. మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపవుతుంది. ఇది తెలిశాక వాళ్లు బొమ్మ వేయడం మాని సబ్బు, నిమ్మకాయ ఆటలో పడతారు. కాగితాలు కాస్త ఎక్కువ ముంచి పెట్టుకోండి. ఈ ఎరుపు ఎక్కువ రోజులు నిలవదు, మెల్లగా వెలిసిపోతుంది. పండుగ వారంలోనే చేసుకోవాలి.

గుడ్డముక్కలు నా సొంత సొత్తు కాబట్టి వాటి గురించి ఎక్కువ చెప్పాలనిపిస్తుంది గాని, చిన్నపిల్లలకు గుడ్డ కత్తిరించడం కష్టం, జారిపోతుంది. అందుకని కాలర్లకు వేసే కాన్వాసు అతికించి గట్టిపరచి ఇస్తాను. పట్టు జాకెట్ల జరీ అంచు ముక్కలు అట్ట గంటల మీద అంటిస్తే కొన్న మెరుపు ఎందుకూ పనికిరాదు. పాత పెళ్లిపత్రికలు కూడా బంగారపు అట్టకు మంచి దారి. వాటి మీద వినాయకుడి బొమ్మ ఉంటుంది, ఆ భాగం మీద కత్తెర పడనివ్వను. తీసి పక్కన పెట్టి ఇచ్చినవాళ్లకే ఇచ్చేస్తాను. నరసాపురం వైపు నుంచి కోడలుగా వచ్చిన ఒకావిడ కొక్కెం సూదితో తెల్లదారం మంచుపువ్వులు అల్లి గంజిలో ముంచి ఆరబెడుతుంది. బిగుసుకుని బిళ్లల్లా నిలబడతాయి. ఆ గోదావరి డెల్టా లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అది చిన్నపిల్లల పని కాదు, కాని గంజిలో ముంచి పిండే పని వాళ్లదే. జీవితంలో మంచు కురవడం చూడని ఊళ్లో మంచుపువ్వులెందుకని అడిగితే, అందంగా ఉంటాయని అంటుంది. సరే మరి.

థర్మోకోల్ వద్దని చెప్పడానికి నాకు ఒక ఆధారం దొరికింది. అలంకారానికి వాడే థర్మోకోల్‌ను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. ఇంకా అక్కడక్కడా అమ్ముతున్నారు, అది వేరే విషయం. చమ్కీ పొడి కూడా నా దగ్గర ఉండదు. సన్నటి ప్లాస్టిక్కే అది. కళ్లల్లో పడుతుంది, చాపలోంచి సంక్రాంతి దాకా పోదు. బొత్తాం లాంటి చిన్న బ్యాటరీలతో వెలిగే దీపాలొస్తున్నాయి, అవి పసిపిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. ఆ బ్యాటరీ మింగితే గొంతులోనే కండ కాలిపోతుంది. మింగాడని అనుమానం వచ్చినా సరే, ఆ నిమిషమే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కట్టడానికి చెట్టు కావాలి కదా. కోస్తాలో సరుగుడు కొమ్మ తెస్తారు. మాకు చేను గట్ల మీద సీతాఫలం పొదలే దిక్కు. చలికాలానికి ఆకు రాలి, ముళ్లు లేకుండా, వంకీలు తిరిగి, అక్కడక్కడా ఎండి నల్లబడ్డ కాయలతో ఉంటాయి. ఒక కొమ్మను ఇసుక బకెట్లో పాతి, బకెట్‌కు పాత చీర ఫాల్ చుడతాం. కింది కొమ్మలు చిన్నవాళ్లకు, పైవి పెద్దవాళ్లకు. ఎవరిది వాళ్లే కట్టుకోవాలి. నాలుగేళ్లవాళ్లకు ముడి రాదు కాబట్టి దారానికి బదులు జాకెట్ హుక్కు కుట్టి ఇస్తాను, తగిలిస్తే చాలు. అందరూ ఒకే కొమ్మకు తగిలిస్తారు, కొమ్మ ఒకపక్కకు వంగుతుంది, ఇటుక పెట్టి నిలబెడతాం. డిసెంబరు 23 సింగరేణి పుట్టినరోజు, 1920లో అదే తేదీన ఆ బొగ్గు కంపెనీ ఏర్పడింది. గనికి పోయే ఇళ్లల్లో ఆ రోజు నుంచే హడావిడి, పిల్లలు చేతికి దొరకరు. కాబట్టి కొమ్మ కట్టడం ఆ ముందే అయిపోవాలి. తర్వాతవన్నీ క్యారల్స్ రాత్రులే.

జనవరి 6 దాటాక విప్పుతాం. దాచేవి, దాచనివి వేరు చేయాలి. కాగితం గొలుసులు, మైదా జిగురు అంటినవి దాచొద్దు. బీరువాలో పెట్టారా, ఎలుకలకు విందు. వాటిని పక్కింటి భోగిమంటకు పంపిస్తాం. పత్తి డొప్పలు, గుడ్డ గంటలు ఎన్నేళ్లయినా ఉంటాయి, వేపాకు వేసిన రేకు డబ్బాలో పెట్టండి. టేకు బుడ్డలు మూత గట్టిగా నొక్కితే పగులుతాయి, పైన వేయాలి. ఉప్పు పిండి బిళ్లలకు మాత్రం వానాకాలమే గండం. ఉప్పు గాలిలో చెమ్మ పీల్చుకుంటుంది, జులైకి చెమటపట్టి మెత్తబడతాయి. పాలిథిన్ కవరులో మూటకట్టి, బియ్యం డబ్బాలో అడుగున దాచితే కొన్ని నిలుస్తాయి. దాచేముందు వెనక పిల్లల పేరు, ఏడాది పెన్సిల్‌తో రాయండి. పేరు లేకపోతే వచ్చే డిసెంబరులో ‘నాది’ ‘కాదు నాది’ అనే గొడవ తీర్చడం మీ వల్ల కాదు.